మందు తొట్టి పక్కన వెదురు పని నేర్పిన రోజులు

వెదురు పని నేర్పే కొలువులో కొత్తగా చేరిన ఆడపిల్లలు మొన్న మా ఇంటికి వచ్చి, ఎలా నేర్పాలో చెప్పమన్నారు. నోటితో చెబితే గేటు దాటేలోపే సగం మరిచిపోతారు. అందుకని రాస్తున్నాను. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకోండి. నాకు ఎవరు శాలువా కప్పారు, ఏ మీటింగులో ఎవరి పక్కన కూర్చోబెట్టారు అనేవి రాయను. వాటితో మీకు పని లేదు.

ఈ కొలువులో సగం నేర్పడం, సగం భయపడటం. నేర్పడం వచ్చి భయపడటం రానివాళ్లు ఇందులోకి రావద్దు.

గంపలు పోయాక

మాది మదనపల్లె. మా ఇంట్లో మగవాళ్లు వెదురు చీల్చేవాళ్లు, ఆడవాళ్లం అల్లేవాళ్లం. టమోటా యార్డుకు గంపలు మేమే వేసేవాళ్లం. తర్వాత ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. క్రేటు తడిసినా కుళ్లదు, ఒకదాని మీద ఒకటి నిలబడుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు. గంపల పని పోయి యార్డులో కూలికి పోయిన రోజుల్లో నేనూ క్రేట్లే మోశాను. గంప అంచు తలలో గుచ్చుకుంటుంది, క్రేటు గుచ్చుకోదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక సంస్థ వాళ్లు మా వీధికి వచ్చారు. ఆడవాళ్లందరినీ ఒకచోట చేర్చి పాత చేతిపనులు మళ్లీ నేర్పిస్తాం, నువ్వు వెదురు నేర్పు అన్నారు. మీటింగుల్లో నన్ను నిలబెట్టి, "మన చేతిపని చాలా గొప్పదని చెప్పండి అవ్వా" అనేవాళ్లు. నేను క్రేటు సంగతి చెప్పేదాన్ని. వాళ్లకు నచ్చేది కాదు. గొప్పదని చెబితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. పనికొస్తుందని చూపిస్తే మరుసటి రోజు మళ్లీ వస్తారు. మీరు రెండోదే చేయండి.

కత్తి చేతికిచ్చే ముందు

నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటి వారం నేను కత్తి ఇవ్వను. చీల్చిన బద్ద ఇచ్చి, కళ్లు మూసుకుని దాని రెండు వైపులా తడమమంటాను. పచ్చటి పైవైపు నున్నగా ఉంటుంది, లోవైపు గరుకుగా ఉంటుంది. అంచు మాత్రం బ్లేడు. ఆ అంచు ఎక్కడుందో వేలికి తెలిశాకే కత్తి. సాయంత్రం కత్తులన్నీ లెక్క చూసి పెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. మదనపల్లెలో మొదటి వర్క్‌షాపు జరిగినన్నాళ్లూ నాకు అన్నం సయించలేదు. పసిబిడ్డల తల్లులు వచ్చేవాళ్లు. బిడ్డ పాకుతూ వచ్చి బద్ద నోట్లో పెట్టుకుంటే? నా భయం చూసి నవ్వేది ఖైరున్‌బీ.

ఖైరున్‌బీ మా షెడ్డులోనే ఇంకో మూల పాత చీరలతో బొంతలు కుట్టడం నేర్పేది. నాకంటే కొంచెం చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది.

"ఏమక్కా గంగులమ్మా, పొద్దస్తమానం ఆ బిడ్డల్నే సూస్తాండావు. నీ సూపుకే ఏడుస్తాండారు వాళ్లు" అనేది.

"నీకేం? నీ సూది గుచ్చుకుంటే సుక్క రగతం. నా కత్తి తెగితే ఏలే ఉండదు."

"సరేలే, నా సూది నీ నోటికేసి కుట్టేస్తా ఉండు."

నేను ఒక్క బద్ద ముక్క కూడా పారేయనివ్వను. చిన్న ముక్కలు పూలబుట్టకు, ఇంకా చిన్నవి పొయ్యికి. ఆమె కూడా అంతే, గుడ్డ పీలిక పారేయదు. అందుకే మా ఇద్దరికీ పడింది.

పుంగనూరులో రెండు తొట్లు

తర్వాత మమ్మల్ని పుంగనూరుకు మార్చారు. ఊరి బయట రేకుల షెడ్డు. రోజూ బస్సులో పోయి వచ్చేవాళ్లం. అక్కడ మాపై అధికారి సుధాకర్ సారు. చిన్న వయసు, చురుకైనవాడు. మనిషి మంచివాడే, కానీ రేపటి పని ఈరోజే అయిపోవాలంటాడు.

ఆయన వచ్చాక పట్నం దుకాణాలకు దీపాల బుట్టలు పంపడం మొదలైంది. మొదటి సరుకు తిరిగి వచ్చింది. బుట్టల కింద పచ్చటి పిండి రాలుతోందట. అది వెదురును తొలిచే పురుగు పిండి. మా పెద్దలు అమావాస్య ముందు రోజుల్లో కొట్టిన వెదురే తెచ్చేవాళ్లు, దానికి పురుగు తక్కువ. ఇప్పుడు లారీలో వచ్చే వెదురు ఎప్పుడు కొట్టిందో ఎవరికి తెలుసు? సారు చెదల మందు తెప్పించి, ఒక తొట్టిలో నీళ్లలో కలిపి, దీపాల బుట్టల బద్దలు అందులో ముంచమన్నాడు. మంచిపనే చేశాడు, పిండి ఆగింది. నేను ఒప్పుకోవాల్సిందే.

అయితే మాకు ఇంకో తొట్టి ఉంది. బద్దలు మెత్తబడటానికి ఉత్త నీళ్లలో నానేసే తొట్టి. ఇది గోడ పక్కన, మందుది వాకిలి పక్కన. రెండూ సిమెంటు తొట్లే, రెండింట్లోనూ నీళ్లు ఒకే రంగు. షెడ్డంతా మందు వాసనే కాబట్టి ముక్కుతో కూడా తేడా తెలియదు. ఒకే కప్పు కింద ఇవి రెండూ వద్దని నేను అన్నాను. సారు మందు తొట్టి మీద కాగితం అంటించాడు. "ఇంక భయం లేదు కదా అవ్వా?" అన్నాడు. భయం కాగితానికి పోతుందా?

ఆ విడతలో రెడ్డెమ్మ అనే అమ్మాయి చేరింది. తంబళ్లపల్లె దిక్కు నుంచి పుంగనూరుకు కోడలుగా వచ్చింది. మాట తక్కువ, చేయి చురుకు. ఆమె అక్క నాగరత్నను కుప్పం దగ్గర పల్లెలో ఇచ్చారు. అక్కావాళ్లు మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచుతారు. అందుకని రెడ్డెమ్మ బుట్టలు వద్దు, చంద్రికలు నేర్పమంది. చంద్రిక అంటే పట్టుపురుగు గూడు కట్టుకునే వెదురు తడిక. తడిక మీద సన్నటి బద్దను చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కట్టాలి. ఆ చుట్టల సందుల్లో పురుగు ఒదిగి గూడు అల్లుకుంటుంది. ఇప్పుడు వాటికీ ప్లాస్టిక్‌వి వచ్చేశాయి. అయినా ఆమె ఆశ చూసి నేర్పాను. ఆమెను చూసి మిగతావాళ్లూ అవే పట్టుకున్నారు.

మా కులంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా నేర్చినవాళ్లు తొలిగా చేసిన వస్తువు అమ్మకూడదు. పంట పండే ఇంటికి ఉత్తగా ఇవ్వాలి. ఈ సంగతి చెప్పగానే ఆడవాళ్లందరూ తమ తొలి చంద్రికలు రెడ్డెమ్మ చేతిలో పెట్టారు. ఆమె ఆ దొంతరను ఆటోలో వేసుకుని, బస్సు మీద కట్టించుకుని అక్క ఇంటికి చేర్చింది. నాగరత్నకు అంతకు ముందు పంటలు వరసగా పోయాయి. ఈ పంట కూడా పోతే మల్బరీ పెరికేసి బెంగుళూరుకు కూలికి పోదామని మొగుడు వెంకటప్ప అంటున్నాడట. తిరిగి వచ్చాక రెడ్డెమ్మ ఆ మాట చెబుతూ, "ఈతూరి మా యక్కకు పండుతాది అవ్వా. మన సేతులు మంచివి" అంది.

పిండి రాలని చంద్రిక

కొన్ని వారాలకు, ఒక పొద్దున షెడ్డు ఊడుస్తున్నాను. ఇలాంటి పనులకు ఆయా ఉన్నా నేను ఊడిస్తేనే నాకు తృప్తి. వెనక గోడకు నేర్చుకునేటప్పుడు చేసిన వంకర వస్తువులు వేలాడుతున్నాయి. అన్నీ మందు పెట్టనివే. ఒక్కొక్క దాని కింద పచ్చటి పిండి కుప్ప. వాటిలో రెడ్డెమ్మ చేసిన వంకర చంద్రిక కూడా ఒకటి, అక్కకు ఇవ్వడానికి సిగ్గుపడి ఇక్కడే వదిలేసింది. దాని కింద మాత్రం నేల శుభ్రంగా ఉంది.

మొదట సంతోషించాను. వెదురు మంచిదేమో అనుకున్నాను. చీపురు రెండు అడుగులు ముందుకు పోయిందో లేదో నా చెయ్యి ఆగిపోయింది. అన్నీ ఒకే లారీ వెదురు. మిగతావాటికి పట్టిన పురుగు దీనికి ఎందుకు పట్టలేదు?

రెడ్డెమ్మ వచ్చేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.

"ఏమ్మే, ఈ బద్దలు ఏ తొట్లో నానేసినావు?"

"గోడ పక్క తొట్లోనే అవ్వా. నువ్వే సెప్పినావు గదా, గోడ పక్కది ఉత్త నీళ్లదని."

"ఎప్పుడు నానేసినావు?"

"ఆ పెద్ద వాన పడిన మర్నాడు. మా యక్కకిచ్చినవీ ఆ బద్దలతోనే సేసినా."

ఆ వాన రోజు వాకిలి పక్క రేకు కారింది. మందు పలచబడుతుందని సారు మనిషి మందు నీళ్లను గోడ పక్క తొట్టిలోకి, మంచి నీళ్లను వాకిలి తొట్టిలోకి మార్చాడు. కాగితం వానకు ఊడిపోయింది. మరుసటి పొద్దున నేను వచ్చాకే కొత్తది అంటించారు. రెడ్డెమ్మ ఆ రోజు నాకంటే ముందు వచ్చింది.

పట్టుపురుగు సంగతి తెలియనివాళ్లకు చెబుతున్నాను. పక్క చేలో మందు కొడితే గాలికి వచ్చిన ఆవిరికే అది చస్తుంది. బీడీ తాగిన చేత్తో ఆకు వేసినా దానికి పడదు. అలాంటిదాన్ని చెదల మందు తాగిన వెదురు మీదికి ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"మీ యక్క పురుగు ఏ మట్టానికొచ్చింది?"

రెడ్డెమ్మ మొహం తెల్లబోయింది. "నిన్న ఫోన్ సేసింది అవ్వా. నాలుగో జరం లేసినాయి, ఆకు బాగా తిన్నాయి, ఇంగ పండేదే అనింది."

జరం అంటే పురుగు కుబుసం విడిచే నిద్ర. పండటం అంటే తినడం మానేసి, పసుపు తిరిగి, గూడు కట్టడానికి తల ఎత్తడం. అప్పుడే చంద్రిక మీదికి ఎక్కిస్తారు. నాగరత్నకు ఫోన్ చేశాం. మోగింది, ఎత్తలేదు. వెంకటప్పది స్విచ్ ఆఫ్. పురుగు పండే రోజుల్లో ఇంట్లో ఎవరికీ ఫోన్ వైపు చూసే తీరిక ఉండదు.

సుధాకర్ సారు వచ్చాక చెప్పాను. ఆయనకు మర్నాడు పైనుంచి పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారు.

"ఎండలో ఆరిపోయింటుంది అవ్వా. ఇన్ని వారాలయింది. ఊరికే వాళ్లను భయపెట్టొద్దు. రేపు కారు పంపిస్తాను."

"రేపటికి పురుగు ఆగుతుందా సార్?"

"నీ అనుమానం తప్పయితే? మంచి చంద్రికలు తీసిపారేయించి, వాళ్ల పంట మనమే చెడగొట్టినట్టు కాదా?"

ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. బస్సెక్కాక కూడా అదే నన్ను తొలిచింది. కానీ ఈ కొలువులోకి వచ్చే పిల్లలకు ఒకటి చెబుతాను. అనుమానం వచ్చిన వస్తువు మన షెడ్డులో ఉంటే ఆలోచించవచ్చు. ఇంకొకరి ఇంట్లో ఉంటే ఆలోచన దారిలో చేసుకోవాలి.

కుప్పం దారి

ఖైరున్‌బీ తన సూది సంచి చంకకు తగిలించుకుని మాతోపాటు ఎక్కింది. "నిన్నొక్కదాన్ని పంపితే నువ్వు దారంతా ఈ పిల్లను సూపుతోనే సంపుతావు" అంది. పలమనేరులో బస్సు మారాం. కుప్పం బస్సు కదలడానికి డ్రైవరు టీ తాగాలి, కండక్టరు ఇంకెవరితోనో మాట్లాడాలి. నేను కిందికి దిగి వాళ్లిద్దరినీ తిట్టి వచ్చాను.

రెడ్డెమ్మ కిటికీ వైపు తిరిగి ఫోన్ నొక్కుతూనే ఉంది. వి.కోట దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మందు తగిలిందని మా బావకు సెప్పొద్దు. అల్లకం సరిగా లేదు, కూలిపోతాది, తీసేయమని సెప్పు. నిజం తెలిస్తే మా యక్క నన్ను జన్మలో ఇంట్లోకి రానీదు."

"అల్లకం సరిగా లేదంటే తీసి పురుగుల గదిలోనే మూలకు పెడతాడు. అప్పుడు?"

ఆమె ఏడ్చింది. ఖైరున్‌బీ కొంగుతో ఆమె మొహం తుడిచి, "నక్కో రోవ్‌ నక్కో బేటీ" అని తన ఉర్దూలో ఏడవొద్దని చెప్పి, నావైపు తిరిగి, "నువ్వు కూడా కొంచెం మెత్తగా సెప్తే నీ సొమ్మేం పోతాది?" అంది.

మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. నా కళ్ల ముందు ఆ దొంతర ఉంది. రెడ్డెమ్మవి కొన్నే. మిగతావి వానకు ముందే మంచి నీళ్లలో నానినవే. కానీ ఇన్ని వారాలు ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి. ఏది మంచిదో ఎలా చెప్పాలి?

పండిన పురుగు ఆగదు

మేము దిగేసరికి మధ్యాహ్నం. పెంపకం గది వాకిట్లో నాగరత్న చేటలో పండిన పురుగులు ఏరుతోంది. చెల్లెల్ని చూసి నవ్వింది. "వచ్చినావా! నీ చంద్రికల మీదనే మొదట ఎక్కించినాము, సూడు రా."

నేను గుమ్మం దగ్గరే ఆగి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చేతిలో చేట అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి వెంకటప్ప వచ్చాడు.

"పొద్దున్నించి అవి గూడు కట్టకుండా తల తిప్పుతాండాయి. ఎందుకో అనుకుంటి" అన్నాడు. చూశాను. పై చంద్రికల మీద పురుగులు పచ్చటి నీళ్లు కక్కుతూ మెలికలు తిరుగుతున్నాయి. కొన్ని కింద పడ్డాయి. నా అనుమానం నిజమైనందుకు నాకు కలిగిన బాధ ఇంతని చెప్పలేను. తప్పయి ఉంటే ఎంత బాగుండేది.

"మంచి కోరి తెచ్చినావనుకుంటే, నా ఇంట్లో ఇసం పెట్టినావే!" అని అతను రెడ్డెమ్మ మీదికి అరిచాడు.

"నాయనా, తిట్టేది సాయంత్రం తిట్టు" అన్నాను. "చేతులకు గుడ్డ సుట్టుకో. ఆ దొంతర మొత్తం బయటికి తియ్యి. కాల్చొద్దు, పొగ మళ్లా లోపలికే వస్తాది."

"మొత్తమా?" అంది నాగరత్న. "ఇన్నుండాయి, అందులో మంచివేవో సెప్పు అవ్వా. అవన్నా పెట్టుకుంటాము. మా పాతవి సాలవు."

"చెప్పలేనమ్మా. మొత్తం తియ్యి."

తీశారు. రెడ్డెమ్మను మాత్రం లోపలికి రానివ్వలేదు. మందు తొట్టి దగ్గర తిరిగిన బట్టలు అన్నారు. వీధికి ఆ పక్క మోటారు గది గట్టు మీద కూర్చుంది. నేనూ ఖైరున్‌బీ ఒళ్లు కడుక్కుని నాగరత్న చీరలు కట్టుకున్నాం.

ఇప్పుడు పురుగును ఎక్కించేందుకు ఏదో ఒకటి కావాలి. పండిన పురుగు ఆగదు. చోటు దొరక్కపోతే ఉన్నచోటే పట్టు పాడుచేసుకుంటుంది. పక్కింటివాళ్లు తమ చంద్రికలు ఇవ్వరు. ఒక ఇంటి రోగం ఇంకో ఇంటికి పోతుందని భయం. వాళ్లను తప్పు పట్టను. వెంకటప్ప దడికి కట్టిన కంది కట్టె పెరుక్కొచ్చాడు.

"దీనికి కాయపురుగుకు మందు కొట్టినారా?" అన్నాను.

అతను దాన్ని అక్కడే కింద పడేశాడు.

గొడ్ల కొట్టం పక్కన రాగి గడ్డి వామి కనిపించింది. రాగికి ఈ దిక్కున ఎవరూ మందు కొట్టరు. అయినా నేను అడిగాను, ఆమెను అడిగాను, అతన్ని అడిగాను, పక్కింటామెను కూడా పిలిచి అడిగాను. కొట్టలేదన్నారు. వామి లోపలి గడ్డి తీసి దులిపి, పిడికెడు పిడికెడు విరిచి, చంద్రిక చుట్టలాగే ఎత్తుగా మడతలు పెట్టాను. ఖైరున్‌బీ బొంతల సూదితో గోనెపట్టాల మీద వాటిని కుట్టేసింది. ఆమె కుట్టు అంత వేగంగా పోవడం నేను ఎన్నడూ చూడలేదు. నోరు మాత్రం మూతపడింది. పొద్దు వాలేలోపు మిగిలిన పురుగులన్నీ గడ్డి మీదికి ఎక్కాయి.

ఎక్కాయి సరే. వాటిలో ఆవిరి తగిలినవి ఎన్ని? గూడు కట్టి లోపల చచ్చేవి ఎన్ని? ఆ గూళ్లు గడ్డి నుంచి ఒలిచేదాకా తెలియదు.

ఖైరున్‌బీని పంపించి నేను అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున సారు ఫోన్ చేసి, "ఏమయింది అవ్వా?" అన్నాడు. చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "మందు తొట్టి ఈరోజే పగలగొట్టిస్తున్నాను. పెద్దవాళ్లు చూస్తే చూడనీ" అన్నాడు. ఆ తర్వాత మందు ముంచే పని ఊరికి ఇంకో పక్క వేరే కొట్టంలో పెట్టించాడు. పైవాళ్లలో ఇలాంటివాళ్లు దొరికితే పట్టుకోండి. మొదట కాదన్నా, తర్వాత దాచిపెట్టరు.

వెంకటప్ప ఊరి వెలుపల గుంత తవ్వి, ఆ దొంతరను పూడ్చాడు. గుంత దాకా మోసింది రెడ్డెమ్మ. తాను కట్టిన చుట్టల్ని తానే తొక్కి విరిచింది. తర్వాత ఊరికి పొమ్మన్నా పోలేదు. వాళ్ల మల్బరీ తోటలో కలుపు తీసింది, పాచి గిన్నెలు తోమింది, పెంపకం గది వైపు కన్నెత్తలేదు. నాగరత్న పూటకొకసారి పళ్లెంలో సంగటి తెచ్చి గట్టు మీద పెట్టి పోయేది. చెల్లెలు ముద్ద ఎత్తేదాకా కూడా ఆగేది కాదు. నేను మధ్యలో దూరి ఏదైనా అందామనుకుని ఊరుకున్నాను. అక్కచెల్లెళ్ల మధ్యకు పోయే పని నాది కాదు. నాకు తెలిసిన పని గడ్డి మడతల మధ్య వంగి చూడటం. పట్టు సన్నగా తెల్లగా కమ్ముకుంటోంది. లోపలున్నది బతికుందో లేదో కంటికి కనబడదు కదా. వెంకటప్ప కూడా నాలాగే వంగి చూసి పోయేవాడు.

గూడు గట్టిపడ్డాక ఒలిచే రోజు వచ్చింది. నేను ఒకటి పీకి చెవి దగ్గర ఆడించబోయాను. లోపల పురుగు బాగుంటే గలగలమంటుంది. చచ్చి అంటుకుంటే చప్పుడు రాదు. నాగరత్న నా చేతిలోంచి ఆ గూడు లాక్కుని, ఆడించకుండానే బయటికి నడిచింది. నేనూ వెనకే పోయాను.

రెడ్డెమ్మ గట్టు మీద నుంచి లేచి నిలబడింది. నాగరత్న ఆ గూడును చెల్లెలి చెవికి ఆనించి ఆడించింది. రెడ్డెమ్మ కళ్లు మూసుకుంది. నాకు ఏమీ వినిపించలేదు, దూరంగా ఉన్నాను. రెడ్డెమ్మ మొహం చూసి తెలుసుకున్నాను.

"ఇనపడిందా?" అంది నాగరత్న.

రెడ్డెమ్మ తలూపింది.

"ఇనపడితే ఇంకా ఆడ నిలబడుకోని ఏం సేస్తాండావే? సేతులు కడుక్కోని లోపలికి రా. గూళ్లు వలిసే పని శానా ఉండాది."